సర్పగంధి వేరు, రక్తపోటు కథ

సర్పగంధి వేరును మనదేశంలో శతాబ్దాలుగా పాముకాటుకూ, ఉన్మాదానికీ, నిద్రలేమికీ వాడుతూ వచ్చారు. ‘అయితే రక్తపోటుకు మందు మన పూర్వులకు తెలుసునన్నమాట!’ అని మురిసిపోయే మిత్రులు నాకున్నారు. నేనంత దూరం పోలేను. చాలామందిలో ఏ బాధా కలిగించని ఈ జబ్బు, కొలిచే సాధనం లేనిదే ఉన్నట్టు ఎలా తెలుస్తుంది? చేతికి పట్టీ చుట్టి పాదరసంతో కొలిచే పద్ధతిని ఇటలీలో రివా-రోచి 1896లో ప్రకటించాడు. స్టెతస్కోపుతో విని పై అంకెనూ, కింది అంకెనూ పట్టుకోవడం రష్యన్ వైద్యుడు కొరొట్కోవ్ 1905లో చూపించాడు.

పాత వేరుకు కొత్త పని దొరికింది ఆ తరవాతే. ఉన్మాదంతోపాటు రక్తపోటుకూ అది పనిచేస్తుందని 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. పడమటి వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల కొలతలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక గాని వారి చూపు ఇటు తిరగలేదు. 1952లో స్విట్జర్లాండులోని సీబా శాస్త్రజ్ఞులు ఆ వేరునుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. (మొక్కకు శాస్త్రీయనామం మాత్రం రావుల్ఫ్ అనే జర్మన్ వైద్యుడిది, ఆయన ఇండియాకు రానేలేదు!)

రెసర్పిన్ వాడినవారిలో కొందరు తీవ్రమైన దిగులులో కూరుకుపోయినట్టు వైద్యులు గమనించారు. 1958లో క్లోరోథయజైడ్, ఆపైన మరికొన్ని మందులు వచ్చాక దాని వాడకం తగ్గింది. ‘వేరే కదా, ఏం చేస్తుంది’ అంటూ డాక్టరిచ్చిన మాత్రలు మానేసి ఆ పొడి మింగేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. వేరులో మందు పాలు మొక్కమొక్కకూ మారుతుంది. చెంచాతో కొలిస్తే తెలిసేది కాదు.