పన్ను, క్లోరోఫాం, మన పాలమూరు పేరు

మొన్న మహబూబ్‌నగర్‌లో జ్ఞానదంతం తీయించుకున్న. సూదితో దవడే మొద్దుబారింది, నేను మెలకువగనే ఉన్న.

అప్పట్ల పన్ను పీకాలన్నా క్లోరోఫాం పీల్పించేటోళ్లు. కొందరు కుర్చీలనే పోయేటోళ్లు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా?

ఇది తేల్చనీకి 1889లో పైసలిచ్చింది ఎవరో ఎరుకేనా? ఈ ఊరికి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్! హైదరాబాద్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ కమిషన్ వందల జంతువుల మీద పరీక్షలు చేసింది. మత్తు డాక్టరమ్మ రూపాబాయి ఫర్దూంజీ కూడా అందులో పనిచేసింది. 'ముందు ఆగేది ఊపిరే' అని తేల్చిన్రు.

కానీ 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించిండు: క్లోరోఫాం మత్తు పలుచగున్నప్పుడే గుండె హఠాత్తుగా ఆగొచ్చని.

అందుకే ఇయ్యాల రెండూ చూడాలె. మీకు మత్తిస్తమంటే ఒక్కటడగండి: నా ఊపిరి, గుండె కనిపెట్టుకునేది ఎవరు?