అమ్మ కనిపించని లోకం

దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి. కొడిమ్యాలలోనైనా, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా బతుకుదెరువు కథ ఈ మూడు మాటల్లో ఇమిడిపోతుంది. 1970ల నుంచి ఇక్కడి మగవాళ్లు ఎడారి దేశాలకు వలస పోతూనే ఉన్నారు. దూరాన ఉన్న మనిషిని దగ్గర చేస్తానంటూ ఏ సాధనం వచ్చినా, దాని నిజమెంతో ముందుగా తేల్చేది ఇట్లాంటి ఊళ్లే.

మొదట ఉత్తరాలు. ఆ తర్వాత క్యాసెట్లు. టేప్‌రికార్డర్ చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చుని, బర్రె ఈనిన ముచ్చట నుంచి షావుకారి బాకీ దాకా అన్నీ చెప్పి, సెలవు ముగించుకుని తిరిగిపోయే ఊరివాళ్ల చేతికి ఆ క్యాసెట్ ఇచ్చేవాళ్లు. తర్వాత ఎస్టీడీ బూత్‌లొచ్చాయి. తిరిగే మీటరు మీదే కళ్లుండేవి, సగం మాటలు గొంతులోనే ఆగేవి. స్మార్ట్‌ఫోన్లతో పాటు వీడియోకాల్ యాప్ ఐమో వచ్చింది. నెట్ అంతంతమాత్రంగా ఉన్నా కొడుకు ముఖం కనిపించింది. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌కు అనుమతి లేదు. 2018లో బోటిమ్ లాంటి యాప్‌లలో మాట్లాడుకోవడానికి అక్కడి టెలికం సంస్థలు నెలకు 50 దిర్హాముల ప్యాకేజీ తెచ్చాయి. అప్పటి మన లెక్కలో దాదాపు 900 రూపాయలు. క్యాంపు గదుల్లో పైసా పైసా కూడబెట్టే కూలీకి అప్పుడు అది చిన్న మొత్తం కాదు.

అటు ప్రపంచం ఇంకో దారి పట్టింది. 2003లో మనుషులు బొమ్మ రూపాల్లో తిరిగే ఆన్‌లైన్ లోకం సెకండ్ లైఫ్ మొదలైంది. 2007లో స్వీడన్ అందులో రాయబార కార్యాలయమే తెరిచింది. ఆ సందడి చల్లారింది. 2021 అక్టోబరు 28న ఫేస్‌బుక్ సంస్థ తన పేరునే మెటాగా మార్చుకోవడంతో మెటావర్స్ పేరుతో ఇలాంటి లోకాలకు మళ్లీ ఊపొచ్చింది. ఆ గాలి మన దాకా వీచింది. 2022 ఏప్రిల్ 18న అప్పటి ఐటీ మంత్రి, సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ తెలంగాణ స్పేస్‌టెక్ విధానాన్ని మెటావర్స్ వేదికపైనే ఆవిష్కరించారు. ఆ ఏడాది మెటాలో ఈ మెటావర్స్ పనులు చూసే రియాలిటీ ల్యాబ్స్ విభాగం నష్టం 1,370 కోట్ల డాలర్లు. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్, 2017లో కొన్న ఇలాంటి మరో లోకం ఆల్ట్‌స్పేస్ వీఆర్‌ను 2023 మార్చి 10న మూసేసింది.

ఈ లోకాలు నిలదొక్కుకోకపోవడానికి, వాటిలోకి తీసుకెళ్లే హెడ్‌సెట్ ధర, బరువు, తలతిప్పుడు అన్నీ నిజమైన కారణాలే. కానీ నా దృష్టిలో అసలు కారణం మన ఇళ్లలోనే కనిపిస్తుంది. హెడ్‌సెట్ ఒక్కరి తలకే పడుతుంది. పెట్టుకున్న క్షణాన ఇల్లు మాయమవుతుంది. ఫోన్ అయితే స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టొచ్చు. అమ్మ కూర కలుపుతూ మాట్లాడుతుంది, పిల్లలు మధ్యలో తల దూరుస్తారు, తాత దూరం నుంచే కేకేస్తాడు. వలస పోయినవాడు ఈ గోల కోసమే ఫోన్ చేస్తాడు. అతనికి కావాల్సింది కొత్త లోకం కాదు, వదిలిపోయిన లోకం. బొమ్మ రూపంలో వచ్చే అమ్మ ముఖంలో జ్వరం కనిపించదు. ఐమోలో కనిపిస్తుంది. "ఏందే, కండ్లు గుంతలు పడ్డయ్?" అని అడగడానికి అదొక్కటే చాలు.

రాత్రి మాటలు అయిపోయాక కూడా చాలా ఇళ్లలో కాల్ కట్ చేయరు. ఫోన్ దిండు పక్కన వెలుగుతూనే ఉంటుంది. అటు క్యాంపు గదిలో ఫ్యాన్ చప్పుడు, ఇటు వాకిట్లో కీచురాళ్లు.