జోడెఘాట్ పున్నమి

కెరమెరి కొండలలోని జోడెఘాట్‌లో ఏటేట ఆశ్వయుజ పూర్ణిమనాడు ఆదివాసులు, నిజాంపై తిరుగబడిన గోండు వీరుడు కొమురం భీమునకు వర్ధంతి జరుపుదురు. ఆయన నిజాం సైనికుల తుపాకులకు నేలకొరిగినది 1940 సెప్టెంబరు 1న అని కొన్ని పుస్తకములును, అక్టోబరు 27న అని మరికొన్నియు చెప్పుచున్నవి. ఆ యేటి పంచాంగము తిరుగవేసినచో సెప్టెంబరు 1 అమావాస్య ఘడియలలో పడినది; అక్టోబరు 27 దీపావళికి మూడు దినములు ముందటిది; ఆశ్వయుజ పూర్ణిమయో, అక్టోబరు 16వ తేదీ ప్రాంతమున వచ్చినది. అచ్చయిన ఆ తేదీలలో ఏ రాత్రియు పండు వెన్నెల రాత్రి కానేరదు.

చారిత్రక నవలాకారునకు ఈ విభేదము కంటె విలువైన సామగ్రి లేదని నా నమ్మకము. బాపిరాజుగారు 'గోన గన్నారెడ్డి' వ్రాయునపుడు ఆశ్రయించుటకు కాకతీయుల శాసనములును, పూర్వగ్రంథములును కలవు. ఆసిఫాబాదు అడవులలో శాసనము లెక్కడివి? పర్ధానులు మూడు తంతుల కిక్రిపై కమాను లాగుచు గోండుల వంశగాథలు పాడుదురు. ఆ గానమే అచట గ్రంథాలయము. భీముని తిరుగుబాటు అణగిన పిమ్మట మార్లవాయికి వచ్చి, అచట గోండుల నడుమ నివసించిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, అడవిని సర్కారు కట్టడి చేయుటచే పోడుభూములు కోల్పోయినవారి గోడును ఆలకించి వ్రాసెను. సర్కారు లెక్కలలో భీము శాంతిభంగము గావించినవాడు. ఇట్లు ఒక్క మనుష్యుని గూర్చి మూడు పాఠములు ఏర్పడినవి.

మంథని ప్రాంతపు గాజులపల్లెలో జన్మించిన అల్లం రాజయ్యగారును, సాహుగారును కలిసి వ్రాసిన 'కొమురం భీం' నవల 1983లో వెలువడినది. కరీంనగరపు రైతుపోరాటములను కన్నులార చూచి 'కొలిమి అంటుకున్నది' రచించిన చేయి, నలువదేండ్లనాటి గోండు వీరుని కథను చేపట్టినపుడు, ఆ పాతకథలో తన కాలపు రైతుకూలీల శ్వాస వినబడక తప్పదు; దీనిని లోపమని నేనెన్నడును తలంపను. కాని నవల బలమైనది గనుకనే, దానిని చదివినవానికి దస్తావేజు ఎచట ముగిసెనో, ఊహ ఎచట మొదలయ్యెనో వేరుచేయుట దుర్ఘటము. తరువాత అల్లాణి శ్రీధర్‌గారు భీమును వెండితెరకెక్కించిరి. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' చిత్రమైతే 1924లో అమరుడైన అల్లూరితో ఆయనకు చెలిమి కల్పించినది. అది బాహాటమైన కల్పన, దానివలన మోసపోవువారుండరు. చరిత్రకు మిక్కిలి సన్నిహితముగా నడచు కల్పన విషయముననే జాగ్రత్త వలయును.

తేదీలకే కాదు, అంకెలకును ఇట్టి చిక్కు కలదు. నిర్మల్‌లో తిరుగుబాటు నాయకుడు రాంజీ గోండుతోపాటు వేయిమందిని ఉరిదీసిరని చెప్పు మఱ్ఱిని జనులు 'వెయ్యి ఉరుల మఱ్ఱి' యందురు. ఆ వేయిని తలలు లెక్కించి తగ్గింపబూనువాడు ఆ పేరు పెట్టిన దుఃఖమును ఎరుగడు. అట్లని చరిత్రకారుడు లెక్క మానరాదు. భీముని కథ మరల వ్రాయబూనువారు కథలో పున్నమినే నిలిపి, పీఠికలో పై రెండు తేదీలను దాచక చెప్పి, పంచాంగము వానితో పొసగకుండుటను సైతము పాఠకునకు ఎరిగింపవలెను. అంతకుముందు జోడెఘాట్‌కు పోయి, పున్నమి ఎట్లు నిర్ణయమైనదో అచటి పెద్దలను అడుగవలెను.