ఇంద్రవెల్లి కాల్పులు

1981 ఏప్రిల్ 20న, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు తరలివచ్చిన ఆదివాసులపై పోలీసులు జరిపిన కాల్పులను ఇంద్రవెల్లి కాల్పులు అంటారు. ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయినవారు 13 మంది. పౌర హక్కుల కార్యకర్తలు 60 మందికి పైగా అన్నారు. స్థానికంగా వినిపించే సంఖ్య వంద దాటుతుంది. మృతుల్లో ఎక్కువమంది గోండులు. ఒక పోలీసు కూడా చనిపోయాడు. అప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు టి. అంజయ్య ముఖ్యమంత్రి.

ఉట్నూర్ ఏజెన్సీలోని ఇంద్రవెల్లి, జైనూర్, నార్నూర్, సిర్పూర్ (యు) ప్రాంతాలన్నీ అప్పట్లో ఒకే జిల్లాలో ఉండేవి. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు జైనూర్ ఆసిఫాబాద్ జిల్లాకు పోయింది, ఇంద్రవెల్లి ఆదిలాబాద్‌లోనే ఉండిపోయింది. గీతలు మారాయే గానీ భూమి గొడవ అందరిదీ ఒకటే.

భూమి కథ

ఈ గొడవ నిజాం కాలం నాటిది. అడవి కొట్టి సాగు చేసుకున్న భూములను జంగ్లాత్ (అటవీ శాఖ) అధికారులు రిజర్వు అడవిలో కలిపేస్తుంటే గోండు నాయకుడు కొమరం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం బలగాల కాల్పుల్లో అతను, అతని సహచరులు చనిపోయారు. ఆ దెబ్బతో నిజాం ప్రభుత్వానికి గోండుల సంగతి తెలుసుకోవాలన్న ఆలోచన వచ్చింది. ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య ఎలిజబెత్‌తో కలిసి జైనూర్ మండలం మార్లవాయిలో గోండుల మధ్యే కాపురం పెట్టాడు. 1943లో అక్కడే గోండీలో చదువు చెప్పే ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. వేల కుటుంబాలకు పట్టాలు అందాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు కూర్చుని ఆదివాసుల గోడు వినే దర్బారు కూడా ఆ దశాబ్దంలోనే మొదలైంది. మార్లవాయిలో ఆ దంపతుల వర్ధంతిని ఇప్పటికీ జరుపుతారు.

పట్టాలైతే వచ్చాయి గానీ నిలవలేదు. రోడ్డు పడింది, దాని వెంట షావుకార్లు వచ్చారు. పత్తి పంట మీద అప్పు, అప్పు కింద కౌలు, కౌలు మీద పట్వారీ రాత. ఈ వరసలో చేను చేతులు మారేది. చదువు రాని గోండు రైతుకు తన పేరు కాగితంలోంచి ఎప్పుడు పోయిందో కూడా తెలిసేది కాదు. మహారాష్ట్ర వైపు నుంచి వలసలు పెరిగాయి. 1976లో తెలంగాణ లంబాడాలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చడంతో గోండు, కోలాం తెగలకు మరో పోటీ ఎదురైంది.

నిజానికి చట్టం ఆదివాసీ పక్షానే ఉంది. అందరూ 1/70 అని పిలిచే 1970 నాటి నిబంధన ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందే అని మొదట భావించాలి. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత గిరిజనేతరుడిదే. ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి కూడా అమ్మడానికి వీల్లేదు. ఇంత పదునైన చట్టం దేశంలో అరుదు. దాన్ని అమలు చేయించుకోవాలంటే మాత్రం రైతు ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగాలి. ఆ తిరుగుడు కన్నా సంఘం దారి దగ్గరగా కనిపించింది. 1980లో ఏర్పడిన నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ ప్రభావంలోని గిరిజన రైతు కూలీ సంఘం అక్కడే వేళ్లూనుకుంది.

ఆ సోమవారం

సోమవారం ఇంద్రవెల్లి సంత రోజు. సంఘం ఆ రోజే సభ పెట్టుకుంది. మొదట అనుమతి ఇచ్చిన అధికారులు తర్వాత రద్దు చేసి 144 సెక్షన్ విధించారు. ఫోను, పేపరు లేని గూడేలకు ఆ కబురు చేరే దారే లేదు. సంతకు వచ్చేవాళ్లు ఎవరు, సభకు వచ్చేవాళ్లు ఎవరు అని విడదీయడం ఎవరి తరమూ కాదు. దారుల్లో పోలీసులు అడ్డుకున్నారు. లాఠీచార్జి, బాష్పవాయువు, తర్వాత తూటాలు. గుంపే ముందు దాడి చేసిందని ప్రభుత్వం చెప్పింది. ఒక గోండు మహిళ పట్ల పోలీసు అనుచితంగా ప్రవర్తించడంతోనే జనం తిరగబడ్డారని మరో కథనం. అరెస్టుల భయంతో గాయపడ్డవాళ్లు ఆసుపత్రికి పోకుండా అడవి పట్టారని, కొందరు అక్కడే చనిపోయారని హక్కుల కార్యకర్తలు రాశారు. మృతుల సంఖ్యలో ఇంత తేడా ఉండడానికి ఒక కారణం ఇదే కావచ్చు.

తీర్పులు

 ఆదివాసుల విషయంలో కోర్టు తీర్పులూ ఆలస్యంగానే వచ్చాయి. 1/70 చెల్లుతుందని సుప్రీంకోర్టు 1988లో స్పష్టం చేసింది. ఇంద్రవెల్లి కాల్పులకు అప్పటికి ఏడేళ్లు. విశాఖ ఏజెన్సీలోని వాకపల్లి కేసు ఇంకా చేదైనది. 2007లో తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపి నిందితులను విడుదల చేసింది. అదే తీర్పులో బాధితులకు పరిహారం ఇవ్వమంది.

స్థూపం

1983లో సంఘం ఇంద్రవెల్లిలో అమరవీరుల స్థూపం కట్టింది. 1986లో దాన్ని పేల్చేశారు. ఆదివాసుల ఆగ్రహం చూసి మరుసటి ఏడాది ప్రభుత్వమే తిరిగి కట్టించింది. కానీ దాని దగ్గరికి పోనివ్వలేదు. దశాబ్దాల పాటు ఏప్రిల్ 20 వచ్చిందంటే ఇంద్రవెల్లిలో 144 సెక్షన్, దారుల్లో పోలీసు పికెట్లు. తామే కట్టించిన స్థూపానికి తామే కాపలా పెట్టడం ఈ కథలో అన్నిటికన్నా విచిత్రమైన సంగతి. తెలంగాణ వచ్చాక కూడా ఆంక్షలు ఒక్కసారిగా పోలేదు. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్థూపం దగ్గర నివాళి అర్పించారు.

అదే ఏడాది సెప్టెంబరు 4న జైనూర్ రగిలి, నిషేధాజ్ఞలు మళ్లీ వచ్చాయి. ఆదివాసీ మహిళపై ఆటో డ్రైవర్ అత్యాచారయత్నం, హత్యాయత్నం చేశాడన్న కేసు మొదట రోడ్డు ప్రమాదంగా నమోదైంది. ఆమె స్పృహలోకి వచ్చి చెప్పాకే సెక్షన్లు మారాయి. ఆదివాసీ సంఘాల బంద్ రోజున దుకాణాలు తగలబడ్డాయి, ప్రార్థనా స్థలంపై దాడి జరిగింది. కర్ఫ్యూ పెట్టి, ఇంటర్నెట్ ఆపేశారు. నేర విచారణకు కొత్త చట్టం వచ్చింది కాబట్టి ఈసారి నిషేధాజ్ఞల సెక్షన్ నంబరు 144 కాదు, 163.