ముత్తమ్మగారి రెండు రూపాయలు

జర్మనీ ఆటగాడు టోనీ క్రూస్ 2024లో రిటైరయ్యాడని నంద్యాలలో మా చెల్లెలి కొడుకు ఒక పూట అన్నం మానేశాడు. ఎవర్రా ఆయన అంటే, 2014లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టులోవాడట, మైదానం నడుమ నిలబడి అందరికీ బంతి అందించేవాడట. "మరి మన తులసీదాస్ బలరాం తెలుసా?" అన్నాను. తెలీదన్నాడు. వాడినని ఏం లాభం లెండి, వాళ్ళ నాన్నకూ తెలీదు!

బలరాం 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టాడు. పేదయిల్లు. బూట్లు కొనే తాహతు లేక, చిరిగిన పోలీసు బూట్లనే ఆటబూట్లుగా కుట్టించుకున్నాడట. కూలి రెండు రూపాయలు. తల్లి ముత్తమ్మగారి దగ్గర తీసుకున్నాడు. ఆ రోజుల్లో రెండు రూపాయలంటే! ఏ పప్పుడబ్బా అడుగున దాచుకున్నవో పాపం. ఆటల చరిత్ర రాసేవాళ్ళు గోల్స్ లెక్క రాస్తారు గానీ, ఇలాంటి లెక్కలు వాళ్ళ కంటికి ఆనవు.

కుర్రాడి ఆట రహీంగారి కళ్ళబడింది. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. తర్వాత హైదరాబాదు పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ గురువు. ఆయన చేతికింద మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. బలరామూ ఆ జట్టులో ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగెరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. రెండుచోట్లా ఓడాం, నిజమే. కానీ హంగెరీతో ఓడింది 2-1 తేడాతోనే, అదేం చిన్న సంగతి కాదు.

1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. అప్పటికే రహీంగారిని క్యాన్సరు తినేస్తోంది. 1963 జూన్‌లో పోయారు. ఆ ఏడాదే బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానుకోవలసి వచ్చింది. నిండా ఇరవై ఏడేళ్ళు లేవు! ఆ వయసుకి మన పిల్లలు ఉద్యోగంలో కుదురుకుంటే చాలనుకుంటాం.

ఆళ్ళగడ్డ వెళ్ళినప్పుడల్లా శిల్పుల షెడ్ల ముందు దేవుళ్ళూ నాయకులూ బారులుతీరి కనిపిస్తారు. ఆటగాడి విగ్రహం ఒక్కటైనా ఉందేమోనని మొన్న బస్సు కిటికీలోంచి వెతికాను. నా కంటికైతే కనబడలేదు. చెక్కేవాళ్ళదేముంది, అడిగేవాళ్ళుండాలి గదా!

బలరాం మళ్ళీ ఇక్కడికి వచ్చి స్థిరపడలేదు. ఈస్ట్ బెంగాల్ జట్టుకు ఆడడానికి 1957లో కలకత్తా వెళ్ళినవాడు, 1961లో దానికి కెప్టెనయ్యాడు. ఆట ముగిశాక కూడా అటే ఉండిపోయాడు. పెళ్ళి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా గడిపాడు. రహీంగారి కథతో "మైదాన్" సినిమా 2024లో వచ్చింది. అందులో బలరాం పాత్ర కూడా ఉంది. అసలు బలరాం మాత్రం దాన్ని చూడలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశాడు.