చిల్లుల కార్డు



రాజ్యముల చరిత్రలో ఖడ్గమును గూర్చియు, కలమును గూర్చియు మనము పెక్కుసార్లు వినియున్నాము. నేఁడు నేను ఒక చిన్న అట్టముక్కను గూర్చి మనవి చేయఁదలఁచితిని.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పదేండ్ల కొకసారి జనులను లెక్కింపవలయునని ఆ దేశపు రాజ్యాంగమే విధించినది. 1880లో ఆ దేశజనులు సుమారు 5 కోట్లు. గుమాస్తాలు చేతితో లెక్కించి వివరముల నన్నిటిని ప్రకటించుటకు ఇంచుమించు ఎనిమిదేండ్లు పట్టెను. జనసంఖ్య పెరుగుచుండెను. ఇట్లే సాగినచో ఒక లెక్క ముగియకమునుపే మఱియొకటి ఆరంభ మగునని అధికారులకు దిగులు పుట్టెను.

ఆ కార్యాలయమునఁ బనిచేసిన యువకుఁడు హెర్మన్ హాలరిత్. 1860లో బఫలో నగరమున జన్మించెను. ఈ పనికి యంత్ర ముండవలయునని, జనన మరణముల లెక్కలు చూచుచుండిన జాన్ షా బిల్లింగ్స్ ఆయనతో ననెను. ఒకప్పుడు రైలులో టిక్కెట్లు చూచు ఉద్యోగి, ప్రయాణికుని జుట్టు రంగు, కనుల రంగు, ముక్కు తీరు తెలియునట్లు టిక్కెట్టుకు చిల్లులు పొడుచుట హాలరిత్ గమనించెను. మనుష్యుని యానవాలు చిల్లులలో నిముడునను భావ మాయనకు అట్లు కలిగెను.

ఆయన పద్ధతిలో మనుష్యున కొక కార్డు. వయస్సు, వృత్తి, జన్మదేశము - ఒక్కొక్కదానికి కార్డుపై ఒక్కొక్క తావు. సూదుల పలకను కార్డుపై దింపఁగా, చిల్లున్నచోట సూది లోనికి దిగి క్రిందనున్న పాదరసమును తాఁకును. విద్యుత్తు ప్రవహించి, గడియారమువంటి ఫలకముపై ముల్లు ఒక అంకె జరుగును. చిల్లు లేనిచోట సూది ఆగిపోవును. 1890లో 6 కోట్ల 29 లక్షల జనుల మొత్తము కొలఁది మాసములలోనే తేలెను. 1896లో హాలరిత్ స్థాపించిన సంస్థ, 1911లో ఇతర సంస్థలతోఁ గలిసి, 1924లో ఐ.బి.యం. అను పేరు దాల్చెను.

అయితే ఏ తావున నేమి యడుగవలయునో నిర్ణయించునది ప్రభుత్వము. యంత్రమునకుఁ దెలిసినది చిల్లు ఉన్నదా, లేదా యను మాత్రమే. జర్మనీలో 1939 లెక్కలో తాతలిరువురు, అవ్వలిరువురు, ఈ నలుగురిలో యూదులు కలరా యని ప్రజల నడిగిరి. ఆ జవాబులను లెక్కించినవియు హాలరిత్ యంత్రములే. 1942లో అమెరికా ప్రభుత్వము పడమటి తీరపు జపాను సంతతివారిని ఇండ్లనుండి తరలించినప్పుడు, వారు ఏ పేటలో నెందఱుండిరో 1940 లెక్కలనుండి జనాభా శాఖయే తెలిపెను. తరలింపఁబడినవారు లక్షకుఁ బైగా నుండిరి. 2000లో ఆ శాఖాధిపతి క్షమాపణ చెప్పెను. 1929లో మరణించిన హాలరిత్ వీనిలో నేదియుఁ జూడలేదు.

నేఁడు చిల్లుల కార్డులు పోయినవి. వాని పనిని కంప్యూటర్లు గైకొన్నవి. ప్రశ్నలు మాత్రము నిలిచియున్నవి. లెక్క యెంత వేగముగ ముగిసినదని మెచ్చుకొనునప్పుడే, ఆ ప్రశ్న లెవరు వ్రాసిరో, జవాబు లెవరి చేతికిఁ బోవునో విచారించుట పౌరుల ధర్మమని నా విన్నపము.