చెరసాల స్థానంలో వైద్యశాల: ఓరుగల్లులో విపత్కాలపు ఖర్చుపై ప్రజాభిప్రాయం

తెలంగాణ పల్లెల్లో కలరా వంటి మహమ్మారిని 'గత్తర' అంటారు. రోగం పేరైన ఈ మాటే ఊరు అల్లకల్లోలమైన స్థితికీ పేరైంది. గత్తర వచ్చినప్పుడు ఇంటింటా చందా వేసుకొని, పోచమ్మకు బోనాలు చేసి, గ్రామదేవతలను శాంతింపజేసే ఆచారం ఈ ప్రాంతమంతటా ఉండేది. ఆ చందా ఏ ఇంటి నుంచి ఎంత వచ్చిందో, ఎక్కడ ఎంత ఖర్చయిందో ఊరివారికి తెలియకుండా ఉండే అవకాశం తక్కువ. రోగకాలంలో ప్రభుత్వ ఖజానా నుంచి జరిగే ఖర్చును ప్రజలు ప్రశ్నించడం ఆధునిక కాలపు విషయమే అయినా, ఆపదలో పెట్టిన డబ్బుకు లెక్క అడగడం ఓరుగల్లు ప్రాంతానికి కొత్త కాదనడానికి ఈ ఆచారమే ఆధారం.

పాలకుల వైపు నుంచి చూస్తే, ఓరుగల్లు రాజధానిగా ఏలిన రుద్రమదేవి కాలంలో, 1261లో వెలసిన మల్కాపురం శాసనం గమనించదగినది. గుంటూరు ప్రాంతంలోని ఈ శాసనం ప్రకారం, విశ్వేశ్వర శివాచార్యునికి దానంగా లభించిన మందడం గ్రామపు ఆదాయంలో ఒక భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రానికి, అంటే బ్రాహ్మణులకు అన్నం పెట్టే సత్రానికి, కేటాయించబడింది. ఇక్కడ ముఖ్యమైనది కట్టడం కాదు, దానిని నడిపే రాబడి. ఆరోగ్యశాలకు గోడలు కట్టి వదిలేయకుండా, ఏటేటా పండే పంటలో దానికి వాటా ముడిపెట్టిన ఆ ఏర్పాటు, ఏడున్నర శతాబ్దాల తరువాత వరంగల్‌లో జరిగిన వాదోపవాదాలను అర్థం చేసుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది.

ఆధునిక వరంగల్‌లో ప్రజావైద్యానికి కేంద్రం మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి; జనం నోట అది 'ఎంజీఎం'. 1959లో ప్రాంతీయ వైద్య విద్యా సంఘం ఆధ్వర్యంలో మొదలై, తరువాత ప్రభుత్వపరమైన కాకతీయ వైద్య కళాశాలకు ఇదే బోధనాసుపత్రి. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాల నుంచే గాక, సరిహద్దులు దాటి మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి కూడా రోగులు ఇక్కడికి వస్తారు కనుక, ఈ ఆసుపత్రిపై పెట్టే ప్రతి రూపాయి గురించీ ఒక్క నగరం కాక, గోదావరి ఒడ్డున ఉన్న అడవిపల్లెలు కూడా మాట్లాడతాయి.

2020 మార్చిలో కరోనా కట్టడికి లాక్‌డౌన్ విధించిన తరువాత, తెలంగాణ ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డున్న కుటుంబాలకు 1,500 రూపాయల నగదును, మనిషికి 12 కిలోల బియ్యాన్ని ప్రకటించింది. రాబడి పడిపోయిందన్న కారణంతో ఉద్యోగుల జీతాలలో సగం, పింఛన్లలో కూడా కోత విధించింది. పింఛనుదారులు హైకోర్టును ఆశ్రయించగా, కోతకు చట్టబద్ధత కల్పించే ఆర్డినెన్సు జూన్‌లో వచ్చింది. ఆ మరుసటి నెలలోనే హైదరాబాద్‌లో పాత సచివాలయం కూల్చివేత మొదలుకావడంతో, రోగకాలంలో కొత్త భవనం అవసరమా అన్న ప్రశ్న రాష్ట్రమంతటా లేచింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. పింఛను మీదే మందులు కొనుక్కునే వృద్ధుడికి కోత, భవనానికి కేటాయింపు ఒకే కాలంలో కనిపించినప్పుడు, రెండు పద్దులు వేరని చెప్పే వివరణ అతనికి తృప్తినివ్వదు. అదే కాలంలో, ప్రైవేటు ఆసుపత్రుల్లో సాధారణ వార్డుకు రోజుకు 4,000, వెంటిలేటర్‌తో కూడిన ఐసీయూకు 9,000 రూపాయల గరిష్ఠ రుసుమును ప్రభుత్వం నిర్ణయించినా, కరోనా చికిత్సను ఆరోగ్యశ్రీలో, అంటే పేదలకు ప్రభుత్వం ఖర్చు భరించే పథకంలో, చేర్చాలన్న కోరిక రెండో విడత తీవ్రమయ్యేదాకా వినిపిస్తూనే వచ్చింది.

ఈ వాదనలన్నీ వరంగల్‌లో ఒక స్థలం దగ్గర కలిశాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో కట్టిన కేంద్ర కారాగారం ఎంజీఎంకు సమీపంలోనే ఉండేది. ఖైదీలు నేసిన తివాచీలతో పేరు తెచ్చుకున్న జైలు అది. నిజాం వ్యతిరేక పోరాటకాలంలో కవి దాశరథి కృష్ణమాచార్యను నిర్బంధించిన చోటు కూడా. 2021 మే 21న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఎంజీఎంలో కరోనా రోగులను పరామర్శించి, అటునుంచి జైలుకు వెళ్ళారు. కొద్ది రోజుల్లోనే ఖైదీలను ఇతర జైళ్ళకు తరలించడం, గోడలు నేలమట్టం కావడం జరిగిపోయాయి. జూన్ 21న అక్కడ బహుళ అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాది చివరికి 24 అంతస్తుల, 2,000 పడకల భవనానికి 1,100 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి.

పడకల కోసం, ప్రాణవాయువు కోసం ఆ వేసవిలో పరుగులు తీసిన కుటుంబాలు నగరం నడిబొడ్డున పెద్దాసుపత్రి వస్తుందంటే సంతోషించడం సహజం. హైదరాబాద్ దాకా అంబులెన్సులో పోయే దూరం తగ్గుతుందన్న ఆశను తేలికగా తీసుకోరాదు. మరోవైపు, ఖాళీ స్థలం చూసుకోక పనిచేస్తున్న జైలును కూల్చడమేమిటని, దూర జిల్లాలకు తరలిన ఖైదీల ములాఖత్‌కు, అంటే జైల్లో ఉన్నవారిని బంధువులు కలుసుకోవడానికి, పేద కుటుంబాలు దారి ఖర్చులు ఎక్కడి నుంచి తేవాలని, 135 ఏళ్ళ కట్టడానికి చరిత్రలో విలువ లేదా అని అడిగినవారున్నారు. ఈ రెండు వైపులవారికీ ఆసుపత్రి కావాలన్నదానిలో భేదం లేదు. భేదమంతా, రోగభయం చల్లారకముందే, చర్చకు వ్యవధి ఇవ్వకుండా తీసుకునే నిర్ణయం గురించే.

అంకెలు కూడా ఈ అసంతృప్తికి బలమిస్తాయి. రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో ఎనిమిది శాతానికి పైగా ఆరోగ్యానికి కేటాయించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం లక్ష్యంగా పెట్టగా, తెలంగాణ 2021-22 బడ్జెట్ 2,30,825 కోట్లలో వైద్యారోగ్యానికి దక్కింది 6,295 కోట్లు, అంటే మూడు శాతం కన్నా తక్కువ. మరుసటి ఏడు అది 11,237 కోట్లకు పెరిగింది. ఈ పెరుగుదల అభినందనీయమే అయినా, కొత్త భవనాలకు ఇచ్చే డబ్బు, ఉన్న ఆసుపత్రిలో నర్సుకు, పారిశుద్ధ్య కార్మికుడికి, మరమ్మతుకు ఇచ్చే డబ్బు ఒకటి కావు. 2022 మార్చి చివర ఎంజీఎం శ్వాసకోశ ఐసీయూలో ఒక రోగిని ఎలుకలు కొరికిన ఘటన ఈ తేడాను అందరికీ చూపింది. సూపరింటెండెంటును బదిలీ చేయడంతో ప్రభుత్వ చర్య మొదలైంది గాని, నగరం అడిగింది ఒక అధికారి గురించి కాదు, కొత్త ఆసుపత్రి పునాదులు లేస్తుండగా పాతదాన్ని ఎవరు చూసుకుంటున్నారని.

ప్రభుత్వం మారిన తరువాత, 2024 జూన్‌లో వరంగల్ వచ్చిన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, నిర్మాణ వ్యయం 1,100 కోట్ల నుంచి 1,726 కోట్లకు పెరగడాన్ని ప్రశ్నించి, ఫోరెన్సిక్ ఆడిట్‌కు, అంటే ఖర్చులోని అక్రమాలను వెతికే లోతైన లెక్కల తనిఖీకి, ఆదేశించారు. ఆ తనిఖీ ఇటుకకూ ఇనుముకూ పెట్టిన డబ్బును లెక్కించగలదు. రెండు వేల పడకలకు ఏటా కావలసిన వైద్యుల, నర్సుల, మందుల ఖర్చు మాత్రం దాని పరిధిలోనిది కాదు. మందడం గ్రామపు రాబడిలా ఆ ఖర్చుకు ప్రతి బడ్జెట్‌లోనూ ఒక వాటా ముడిపడవలసి ఉంటుంది.